ఐదు మట్టిముద్దలు

నారములనగా జలములు, అవి నివాసముగా గలవాడు గనుక ఆ స్వామికి నారాయణుడను నామము కలిగినదని పెద్దలు చెప్పుదురు. ఈ మాటను మనము ఎన్నో పర్యాయములు విన్నాము. విన్నంతమాత్రమున మన యూరి చెరువును చూచు చూపు మారినదా? తీర్థయాత్రలో పుష్కరిణి కనబడగనే చెప్పులు దూరముగా విడిచి, దోసిట నీరు తీసి శిరస్సుపై చల్లుకొను గృహస్థుడే, ఇంటికి మరలిన పిదప తన యూరి చెరువుగట్టుపై నిలిచి, పూజలో వాడిన పూలను ప్లాస్టిక్ సంచితో సహా నీటిలోనికి విసరుచున్నాడు. పుష్కరిణి దేవునిది, చెరువు ఊరిది అను భేదబుద్ధి మనలో ఎక్కడనో పాతుకొని యున్నది. ఊరిది అనగా ఎవ్వరిదియు కాదని గదా మన వ్యవహారములో అర్థము!

ఈ విషయమును గూర్చి నేను వ్రాయుటకు కారణము పదేండ్ల బాలుడొకడు. వాడు నా మనుమడు. పట్టణములో పుట్టి పెరిగినవాడు. గడచిన కార్తికమాసములో కడప జిల్లాలోని మా స్వగ్రామమునకు వానిని వెంటబెట్టుకొని పోయితిని. వానలు బాగుగా కురిసి చెరువు నిండి మరవ పారుచుండెను. కట్ట యెక్కి చూడగా, నా బాల్యమున బట్టలుతుకు బండలున్న చోట ఇప్పుడు రంగురంగుల పడవలు కట్టివేయబడి యున్నవి. హంస ఆకారము గలవి రెండు, కాళ్ళతో తొక్కుచు నడుపునవి. తెడ్లతో నడుపు చిన్నవి నాలుగు. గట్టు వెంబడి నడచుటకు బాట, కూర్చుండుటకు బల్లలు, పక్షులను చూచుటకు ఒక మంచె. ఆదివారము గనుక చుట్టుపట్ల గ్రామముల నుండి పిల్లలు, పెద్దలు, క్రొత్త దంపతులు వచ్చి యుండిరి.

రావిచెట్టు క్రింద నా యీడువారు నలుగురు కూర్చుండి ఈ సందడిని చూచి నిట్టూర్చుచుండిరి. "పంట పండించే చెరువును ఆటబొమ్మ చేసినారు స్వామీ! గంగమ్మ తల్లిని కాళ్ళతో తొక్కుతా ఉండారు" అని వారిలో ఒకరనిరి. నేనును తల యూపితిని.

అంతలో మనుమడు పడవ దిగి వచ్చెను. వాని చేతిలోని బిస్కెట్టు కాగితము గాలికి ఎగిరి నీటిలో పడినది. తీసివేయుమని చెప్పి, "చెరువుకు మనము ఋణపడి ఉన్నామురా" అంటిని. వాడు నా ముఖము వంక ఆశ్చర్యముగా చూచి, "టిక్కెట్టు కొన్నాం కదా తాతయ్యా! ఇంకా బాకీ ఏముంది?" అని అడిగినాడు.

వాని మాటలో పెంకితనము లేదు. నిజముగానే తెలిసికొనగోరి అడిగినాడు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. చెట్టు క్రింది పెద్దలు చెరువులో ఆడుటయే తప్పనిరి. బాలుడు ఆడినందుకు వెల చెల్లించితిమి గనుక లెక్క తీరినదనెను. రెండు మాటలును నాకు సరిపడలేదు. ఎందుకు సరిపడలేదో ఆలోచించుచు ఆ రాత్రి చాలసేపు నిదుర పోలేదు.

నా చిన్ననాట ఈ చెరువులోనే ఈత నేర్చితిని. ఎండిన సొరకాయ బుర్రలు రెండు నడుమునకు కట్టి మా తాతగారు నన్ను నీటిలోనికి దింపెడివారు. అరటిబోదెలను వెదురు పుల్లలతో గ్రుచ్చి తెప్పగా చేసి, దానిపై బోర్ల పరుండి చేతులతో నీటిని త్రోసికొనుచు తూము రాతి వరకు పోయి వచ్చెడివారము. ఇప్పటి పిల్లలకు తెడ్డు దొరికినది, మాకు అరచేతులే తెడ్లు. అయితే తాతగారు ఒక నియమము పెట్టిరి. ఆటకు ముందు ప్రతివాడును మునిగి, అడుగునున్న మట్టిని ఐదు మారులు పిడికిట తెచ్చి కట్టపై వేయవలెను. వేయనివానికి ఈత లేదు. మేము దానిని పందెముగా భావించితిమి. ఎవడు పెద్ద ముద్ద తెచ్చునో, ఎవడు లోతు నుండి నల్లని ఒండ్రు తెచ్చునో అని పోటీలు పడితిమి. అది ధర్మశాస్త్రమని మాలో ఎవ్వనికిని తెలియదు.

యౌవనమున యాజ్ఞవల్క్యస్మృతి చదువుచుండగా ఆచారాధ్యాయములో ఆ నియమము ఎదురైనది. ఇతరులకు సంబంధించిన జలాశయములలో స్నానము చేయువాడు ముందుగా ఐదు మృత్పిండములను వెలికి తీయవలెనని అందు చెప్పబడినది. మనుస్మృతి మరి కొంత కఠినముగా, పరుని జలాశయములో స్నానమాడువానికి దానిని త్రవ్వించినవాని పాపములో ఒక భాగము అంటుకొనునని హెచ్చరించినది. పాపము మాట అటుంచుడు. నాకు ఆశ్చర్యము గొలిపినది ఆ ఐదు ముద్దల లెక్క. స్నానమాడు వానిని నాణెము అడుగలేదు, నమస్కారముతో సరిపెట్టలేదు. చెరువునకు దేనివలన చేటు కలుగునో, ఆ పూడికనే పిడికెడు పిడికెడుగా తీయుమని అడిగినది. అనుభవించువాడు అనుభవించిన చోటనే, తన చేతితోనే, ఆ వస్తువునకు కావలసిన పనినే చేయవలెను. ఇంతకంటె సూటియైన వెల మరియొకటి నాకు కనబడలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. మితాక్షరా వ్యాఖ్యానము ఈ నియమమునకు పరిమితి విధించినది. సర్వప్రాణుల కొరకై విడువబడని, అనగా ఇంకను ఒకరి సొత్తుగా మిగిలియున్న జలాశయములకే ఇది వర్తించునట. సర్వప్రాణులకు ఉత్సర్గము చేసిన తటాకములో ముద్దలు తీయనక్కరలేకయే స్నానము చేయవచ్చును. న్యాయదృష్టితో చూచిన ఇది సమంజసమే. యజమానుడే లేనపుడు ఋణమెవరికి? కాని లోకములో జరిగినదేమి? ఒకరి సొంత బావిని వారు ఏటేట పూడిక తీయించుకొనుచున్నారు. అందరికిని విడిచిన చెరువే పూడిపోవుచున్నది. మా తాతగారు మితాక్షర చదివిరో లేదో నేనెరుగను. ఆ మినహాయింపును మాత్రము వారు మాకు ఈయలేదు.

ఈ ఉత్సర్గమను మాట నేటి వారికి క్రొత్తగా తోచవచ్చును. పూర్వము తటాకము త్రవ్వించినవాడు కట్ట పూర్తికాగానే కార్యము ముగిసినదనుకొనలేదు. మత్స్యపురాణములో తటాకవిధి అని ఒక అధ్యాయమే కలదు. వేదిక కట్టి, హోమము చేసి, బంగారముతో తాబేలును మొసలిని, వెండితో చేపను నీటిపామును, రాగితో ఎండ్రకాయను కప్పను చేయించి ఆ ప్రతిమలను పూజలో ఉంచవలెనట. పిదప గోవును నీటిలోనికి దింపి దాటింపవలెను. చూచితిరా! త్రవ్వించిన ప్రభువు ప్రతిమ అందు లేదు. చెరువులో మొట్టమొదట చోటు పొందినవి కప్ప, ఎండ్రకాయ, నీటిపాము. ఆ క్రతువులో యజమానుడు తన సొత్తును దేవ, పితృ, మనుష్య, పశు, పక్ష్యాది సర్వభూతములకు ధారపోయును. ఆ క్షణము నుండి ఆ నీటి చుక్క ఆయనదియు కాదు. తానును ఇతరులవలె వచ్చి త్రాగిపోవలసినదే.

సప్తసంతానములలో తటాకమును చేర్చినవారి ఉద్దేశము ఇదియే కాబోలు. సుపుత్రుని కని పెంచినవాడు వాడు తనకే పుట్టెనని చెప్పుకొనగలడు గాని, వానిని తన పెట్టెలో దాచుకొనలేడు.

ఇంకొక మాట. మహాభారతములో, ఆనుశాసనిక పర్వమున, భీష్మాచార్యులు ధర్మరాజునకు తటాకఫలమును చెప్పుచు ఒక విచిత్రమైన కొలబద్దను చూపిరి. వానకాలమున మాత్రమే నీరు నిలుచు చెరువును నిర్మించినవానికి అగ్నిహోత్రఫలము. శరత్తు వరకు నిలిచినచో సహస్రగోదానఫలము. హేమంతము, శిశిరము, వసంతము అని ఋతువులు గడచిన కొలది యజ్ఞములు పెద్దవగుచుండును. మండు వేసవిలోను నీరున్న చెరువునకు అశ్వమేధఫలము చెప్పబడినది. త్రవ్విన గోతి లోతును బట్టియో, పెట్టిన ధనమును బట్టియో పుణ్యమును లెక్కింపలేదు. నీరు ఎంత కాలము నిలిచినదను దానిని బట్టి లెక్కించిరి. త్రవ్వించినవాడు నూరేండ్ల క్రిందట కాలము చేసి యుండవచ్చును. వేసవిలో నీటిని నిలుపునది తరువాతి వారి కాపుదల. ఆ పుణ్యములో వారి వంతు లేదనగలమా?

ఇక చెట్టు క్రింది పెద్దల మాటకు వత్తును. చెరువులో ఆడుట అపచారమా?

భాగవతమును తెరచి చూడుడు. జలక్రీడలు ఎన్నో చోట్ల వర్ణింపబడినవి. కుబేరుని కుమారులైన నలకూబర మణిగ్రీవులు మందాకినిలో స్త్రీలతో క్రీడించుచుండగా నారదమహర్షి ఆ దారిని వచ్చెను. స్త్రీలు సిగ్గుపడి వస్త్రములు ధరించిరి. వీరిరువురును కదలలేదు. మహర్షి శాపము వలన గోకులమున జంటమద్దులై నిలిచిరి. నారదుడు ఆ సందర్భమున పలికిన మాటలను శ్రద్ధగా పరిశీలించినచో, ఆయన నీటిలో ఆడుటను నిందింపలేదని తెలియును. నిందించినది ఐశ్వర్యమదమును. తన దేహమును, తన ధనమును తప్ప ఎదుట మరియొకడున్నాడని గుర్తింపజాలని చూపును. గజేంద్రుని కథలోను ఇంతియే. త్రికూటపర్వతము మీది సరస్సులో ఆ గజరాజు దిగి, తొండముతో నీరు పీల్చి, గృహస్థుడు తన ఆలుబిడ్డలను లాలించినట్లు ఆడయేనుగులకును గున్నలకును త్రాగించి, స్నానము చేయించెను. ఆ ఆటలో దోషమేమున్నది? తాను ఎవరి ఇంటిలో దిగినాడో తెలియని మైమరపు ఒకటి మాత్రము ఉన్నది. మొసలికి ఆ సరస్సు నివాసము. ఏనుగు అతిథి. కరి బలము నేల మీదనే గదా.

ఆ స్వామియే యమునలో గోపబాలురతో ఆడుకొనెను. ఆండాళ్ తల్లి మార్గళి నెలలో చెలులను మేల్కొలిపి పిలిచినది నీరాటకే. మన పూర్వాచార్యులు ఆ నీరాటకు కృష్ణసంశ్లేషమని అర్థము చెప్పిరి. ప్రతి సంవత్సరము ఫాల్గుణ పౌర్ణమితో ముగియునట్లు తిరుమలలో ఐదు దినములు తెప్పోత్సవము జరుగును. మొదటి దినమున సీతారామలక్ష్మణులు, రెండవ దినమున రుక్మిణీ శ్రీకృష్ణులు, తక్కిన మూడు దినములు ఉభయదేవేరులతో మలయప్పస్వామి స్వామిపుష్కరిణిలో విహరింతురు. భద్రాచలములో ముక్కోటి ముందునాటి రాత్రి రామచంద్రుడు హంసవాహనముపై గోదావరిలో విహరించును. ఆ దీపములు నీటిలో వణకుచుండగా చూచినవారికి నేను చెప్పవలసినది లేదు. దేవుడు ఏ పంటకు నీరు పెట్టుటకు తెప్ప ఎక్కుచున్నాడు? పని లేకయే ఎక్కుచున్నాడు. సృష్టి యంతయు లీలయని బ్రహ్మసూత్రకారుడు చెప్పగా, భగవద్రామానుజులు శ్రీభాష్యములో దానికి ఏడు దీవులనేలు మహారాజు బంతులాడుటను దృష్టాంతముగా చూపిరి. కొరత గలవాడు పని చేయును, నిండినవాడు ఆడును. ఆట నీచమని మనకెవరు చెప్పిరో గాని, మన శాస్త్రములు చెప్పలేదు. మా యూరి పిల్లలు హంసపడవ తొక్కుచు కేరింతలు కొట్టిన గంగమ్మకు కోపము వచ్చునని నేను నమ్మజాలను.

కోపము తెప్పించునది వేరొకటి యున్నది. అది కాళియుని కథలో కనబడును.

యమునలోని ఆ మడుగు ఎట్టిదో గుర్తు చేసికొందము. పూర్వము గరుత్మంతుడు అచ్చటి మత్స్యరాజును భక్షింపగా, తక్కిన చేపల దుఃఖమును చూచి సౌభరిమహర్షి కరుణతో, ఇకమీదట గరుడుడు ఇచ్చటికి రాగూడదని శాసించెను. చేపల కొరకై ఏర్పడిన అభయస్థలమది. గరుడుని భయముతో పారివచ్చిన కాళియుడు ఆ సంగతి తెలిసి అందు దూరెను. దూరి, తన విషముతో ఆ నీటిని మరి యే ప్రాణియు త్రాగరానిదిగా చేసెను. పైన ఎగురు పక్షులు కూడ పడి చచ్చినవట. పరుల కొరకు ఏర్పడిన రక్షణను ఆశ్రయించి, ఆ పరులకే చోటు లేకుండ చేసినవాడు కాళియుడు. స్వామి వానిని చంపలేదు. పడగలపై నర్తించి, మదమడచి, సముద్రమునకు పొమ్మనెను. ఈ నదిని గోవులును మనుష్యులును అనుభవింతురు గాక అని ఆజ్ఞాపించెను. విచారించి చూడగా అది మరల ఉత్సర్గమే. ఒకడు తనదిగా చేసికొన్న నీటిని స్వామి మరల అందరికిని ధారపోసెను.

ఇక్కడ మన పూర్వుల లోపమును కూడ దాచక చెప్పవలెను. సర్వభూతములకని సంకల్పము చెప్పిన నోటితోనే, ఈ రేవు ఫలానావారిది, ఆ రేవునకు ఫలానావారు రాగూడదని మన యూళ్ళలో కట్టుబాట్లు చేసిరి. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణములో చవదార్ చెరువు నీటిని పశువులు త్రాగవచ్చును గాని, అంటరానివారని పేరు పెట్టబడిన మనుష్యులు ముట్టరాదు. 1927వ సంవత్సరము మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కరు వేలమందితో వెళ్ళి ఆ నీటిని దోసిట త్రాగిరి. పిమ్మట కొందరు ఆ చెరువును పంచగవ్యముతో శుద్ధి చేసిరట! న్యాయస్థానములలో తగవు సాగి 1937లో బొంబాయి హైకోర్టు అంబేద్కరు పక్షమున తీర్పు చెప్పినది. గోవును దాటించి సర్వప్రాణులకు విడిచిన నీటికి మనుష్యుని దోసిలి మైల యెట్లయినదో, ఏ పురాణమును ప్రమాణముగా చూపగలము? మా యూరి చెరువులోను ఇట్టి రేవులుండెడివి. ఇప్పుడు ఆ పడవలలో ఎవరి బిడ్డ ఎవరి ప్రక్కన కూర్చున్నదో అడుగువాడు లేడు. చెట్టు క్రింది పెద్దలు ఈ సంగతిని గమనించినట్లు లేదు.

మా యూరికి దాపుననే పోరుమామిళ్ళ చెరువు కలదు. దానిని మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, నిర్మించెను. క్రీ.శ. 1369 నాటి శాసనము ఇప్పటికిని అచ్చట నిలిచియున్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము ఆ పనికి పట్టినదని అందు వ్రాయబడినది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములు, పొసగరాని ఆరు దోషములు అందే చెప్పిరి. ధర్మాత్ముడగు రాజు, జలశాస్త్రమెరిగినవాడు, గట్టి నేల, తీయని నీటి నది, నేర్పరులైన పనివారు మొదలగునవి అంగములు. కట్ట నుండి నీరు ఊరుట, చవిటి నేల, నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువగుట, ఇవి దోషములు. మిగిలిన దోషము నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండరాదట. రాళ్ళు, మట్టి, నీరు అన్నియు సరిగానున్నను, నాది నీది అను మాట పుట్టుచోట చెరువు నిలువదని ఆ శాసనకర్త కనిపెట్టెను. ఇంజనీరింగు గ్రంథములలో ఈ దోషము కలదో లేదో తెలిసినవారు చెప్పవలెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టకపోవుటకు నిజమైన కారణము ఇప్పుడు చెప్పెదను.

చెరువునకు పడమటి వైపున, ముంపు నేలను ఆనుకొని మా పొలమున్నది. వరుస కరవుల కాలములో చెరువు ఎండి నెఱ్ఱెలు విచ్చినపుడు, ఊరక పడియున్న నేల గదా అని మా తండ్రిగారు గట్టును కొంచెము ముందునకు జరిపి జొన్న చల్లిరి. నీరు వచ్చిన యేడు మునిగినది. రాని యేడు పండినది. పండిన యేడు గట్టు మరి జానెడు జరిగినది. ప్రక్కవారును జరిపిరి. వారు జరిపిరని మేమును జరిపితిమి. ఆయన పోయిన పిదప నేను ఉద్యోగరీత్యా దూరముగా నుంటిని. నా తమ్ముడు సేద్యము చూచుచున్నాడు. గింజలు నా యింటికిని వచ్చుచున్నవి. ఇరువది సంవత్సరములుగా ఆ జొన్నరొట్టె తినుచున్నాను. ఏనాడును అది చెరువు కడుపులో పండినదని తలపునకు రాలేదు.

నాడు కట్టమీద నిలిచి పడవలలోని పిల్లలను చూచి తల యూపినవాడను నేను. వారు సాయంకాలము పడవ దిగి ఇండ్లకు పోయినపుడు చెరువులో ఏమి తగ్గినది? అలలు కొన్ని లేచి అణగినవి. ఆ బిస్కెట్టు కాగితము తీసివేసినచో ఏమియు తగ్గలేదు. నా పొలము మాత్రము రేయింబవళ్ళు చెరువులోనే యున్నది. ఉపయోగమైన పని చేయుచున్నామను గౌరవముతో మేము చెరువును తింటిమి. పనికిమాలిన ఆట యని మేమన్న దానిలో చెరువునకు నష్టము లేదు. కాళియుని కథను నేను ఎన్ని సభలలో చెప్పితినో!

టిక్కెట్టు కొన్నచో బాకీ తీరునా అను ప్రశ్న ఇప్పుడు వేరుగా వినబడినది. టిక్కెట్టు పడవ వానికి కూలి. పడవ చీలినచో బాగుచేయుటకు, ఈత రాని బిడ్డకు లైఫ్ జాకెట్టు తొడుగుటకు అది చెల్లును, చెల్లవలసినదే. చెరువు దానిలో విక్రయింపబడలేదు. విక్రయించుటకు దానికి యజమానుడు లేడు. ధారపోసినవాడు ఎప్పుడో చేతులు కడుగుకొని వెళ్ళిపోయినాడు. వెల కట్టగల వస్తువునకు బాకీ తీర్చవచ్చును. దానముగా వచ్చినదానికి బాకీ తీర్చుట యెట్లు? దానము పుచ్చుకొన్నవాడు మరల దానము చేయుటయే మార్గము.

ఇట్లు చేసినవారు మనలోనే యుండిరి. 15, 16 శతాబ్దులలో తిరుమల స్వామికి భక్తులు సమర్పించిన ధనమును హుండీలో మూల పెట్టక, ఆలయమునకు చెందిన గ్రామములలో చెరువులును కాలువలును త్రవ్వించుటకు వినియోగించినట్లు దేవస్థాన శాసనములు చెప్పుచున్నవి. ఆ నీటితో అదనముగా పండిన పంట నుండి స్వామికి నైవేద్యము జరిగెడిది. ప్రసాదములో దాతకును వంతుండెడిది. భక్తుని కానుక చెరువై, చెరువు పంటయై, పంట ప్రసాదమై మరల భక్తుని చేతికి వచ్చినది. మన రాయలసీమ గ్రామములలో దశబంధ మాన్యములు ఇట్టివే. చెరువును బాగుచేయుచుండు షరతుతో ఇచ్చిన భూములవి. భూమి మిగిలి షరతు మరవబడిన చోట్లు ఎన్ని యున్నవో లెక్కింప ధైర్యము చాలదు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ యను పేరుతో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి పని ఆరంభించినపుడు, తీసిన ఒండ్రును రైతులు తమ పొలములకు తోలుకొనిరి. పూడిక చెరువులో శత్రువు, చేనిలో ఎరువు. ఐదు ముద్దల శాస్త్రమే గదా అది, యంత్రములతో!

ఆట యెంతవరకు అనునది మాత్రము ఊరివారు కూర్చుండి తేల్చుకొనవలెను. సూళ్లూరుపేట సమీపమున నేలపట్టు చెరువులో, నీటిలో నిలిచియున్న చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొనును. 1976లో దానిని పక్షిరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురములో ఏటేట వచ్చు ఆ పక్షులను గ్రామస్థులు శుభసూచకములుగా భావించి కాపాడుచున్నారు. పక్షి గూడు పెట్టు ఋతువులో పడవ దూరముగా పోవలెను, కేకలు మానవలెను. తటాకవిధిలో మనకంటె ముందు చోటు పొందినవారు వారు. మా చెరువులో నీటికోళ్ళు, కొంగలు మాత్రమే యున్నవి. వానికిని ఈశాన్యపు మూల తుంగను విడిచిపెట్టి, అటు పడవలు పోకుండ తాడు కట్టినవాడు ఆ పడవ నడుపు యువకుడే. చెప్పినవారు ఎవ్వరును లేరట. "అవి బెదిరిపోతాయి సార్" అని మాత్రమే అన్నాడు.

మరునాడు తమ్ముని పిలిచి, ఈ వేసవిలో సర్వే చేయించి మన హద్దు రాళ్ళను వెనుకకు జరుపుదమంటిని. అతడు తల వంచుకొని, "ప్రక్కనోళ్ళు జరపరు అన్నా, మనమొక్కరమే జరిపితే ఏమొస్తుంది?" అనెను. నేను బదులు చెప్పబోవుచుండగా లేచి పశువుల కొట్టము వైపు పోయెను. ఆ మాట అంతటితో నిలిచియున్నది.

బయలుదేరుటకు ముందు మనుమనితో మరల చెరువు కడకు పోయితిని. ఐదు ముద్దల పందెము సంగతి చెప్పగనే వాడు ఉత్సాహముతో నీటిలోనికి ఉరికెను. లైఫ్ జాకెట్టు వానిని మునుగనీయలేదు. ఎంత తన్నుకొన్నను బెండువలె పైకి తేలుచుండెను. నవ్వి నవ్వి, చివరకు రేవు మెట్టుపై కూర్చుండి, చేయి భుజము దాక ముంచి, నల్లని ఒండ్రు పిడికెడు తీసెను. వ్రేళ్ళ సందున కారుచుండగా పైకెత్తి పట్టుకొని, "ఇది పొలానికి మంచి ఎరువంట కదా తాతయ్యా, మన పొలంలో వేసేదా?" అని పడమటి గట్టు వైపు చూపినాడు.

కట్టమీదనే వేయుమంటిని. వేసి, రెండవదాని కొరకు మరల వంగెను.